స్లాషర్ సినిమానా? ముందిలా వచ్చి కూర్చోండి

సెలవులొచ్చాయంటే మన ఇళ్ళల్లో మొదలయ్యే గొడవ ఒకటుంది. పిన్ని పిల్లలు, అత్త పిల్లలు అందరూ ఓ చోట చేరతారు. రాత్రి అన్నాలయ్యాక హాల్లో దుప్పట్లు పరుచుకుంటారు. "ఇవాళ స్లాషర్ చూద్దాం" అంటుంది కాలేజీ చదివే పెద్దపిల్ల. వంటింట్లో ఉన్న మనకి గుండె గుభేలుమంటుంది. అదేం సినిమా? దెయ్యాలుంటాయా? నెత్తురు కారుతుందా? చిన్నది రాత్రంతా మనల్ని పట్టుకుని వదలదేమో? అడుగుదామంటే "నీకు తెలీదులే అమ్మా" అంటారేమోనని మొహమాటం. వద్దందామంటే పిల్లల సరదా పాడుచేశామేమోనని బెంగ.

ఇలా కూర్చోండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం. ఈ స్లాషర్ అంటే ఏమిటో తెలిస్తే మన బెంగలో సగం ఇక్కడే తీరిపోతుంది. ఏ సినిమా ఏ రకమో తెలిసినవాళ్ళకి ఏది చూడాలో, ఏది పిల్లల ముందు పెట్టకూడదో, ఏది తమకే పడదో తేల్చుకోవడం తేలిక. తెలియకపోతే పక్కవాళ్ళు పెట్టిందే చూసి, మూడు రాత్రులు మనం మేలుకోవాలి. ఎందుకొచ్చిన బాధ?

మనకి హారర్ అంటే ఎక్కువగా దెయ్యమే కదా. రేవతి నటించిన 'రాత్రి', తర్వాత 'అరుంధతి', మొన్నమొన్నటి 'మసూద', 'విరూపాక్ష'... అన్నిట్లోనూ ఆత్మలో, క్షుద్రపూజలో ఉంటాయి. అక్కడ భయానికి మందు కూడా మనకు తెలిసిన దారిలోనే దొరుకుతుంది. పూజో, మంత్రమో, తాయెత్తో ఏదో ఒకటి అడ్డుపడుతుంది. స్లాషర్‌లో ఆ ఊరట లేదు. అక్కడ చంపేది మనిషి. మొహానికి ముసుగో మాస్కో వేసుకుంటాడు, చేతిలో కత్తో గొడ్డలో రంపమో ఉంటుంది, తుపాకీ అరుదు. వాడి చేతికి చిక్కేది ఎక్కువగా కుర్రకారు. చోటు చూస్తే పెద్దవాళ్ళు దగ్గర లేని హాస్టలో, వేసవి క్యాంపో, అమ్మానాన్నా ఊరెళ్ళిన ఇల్లో. చాలాసార్లు ఏ పండగ రాత్రో జరుగుతుంది కథ. ఎన్నాళ్ళ కిందటో జరిగిన ఓ ఘోరం వెనకాల ఉంటుంది. ఒక్కొక్కళ్ళూ పోతూ పోతూ చివరికి ఒకమ్మాయి మిగులుతుంది. ఇదీ దీని పోలిక.

ఇంకో గుర్తు చెబుతాను, మనసులో పెట్టుకోండి. ఈ సినిమాల్లో కెమెరా ఉన్నట్టుండి హంతకుడి కళ్ళైపోతుంది. పొద చాటు నుంచి, కిటికీ అవతల నుంచి ఆ అమ్మాయిని చూస్తున్నది వాడు. వాడితో పాటు మనమూ చూస్తుంటాం. ఒళ్ళు జలదరించేది కత్తి కనబడ్డప్పుడు కాదు, ఇదిగో ఈ చూపు దగ్గర. దారిలో ఎవరో వెనకాలే వస్తున్నారనిపించి నడక వేగం పెంచిన అనుభవం మనలో ఎంతమందికి లేదు చెప్పండి? ఆ భయానికి తెర మీద చోటిచ్చిన సినిమాలివి. అందుకే మగవాళ్ళకంటే మనకి లోపలికంటా దిగుతాయని నేననుకుంటాను.

సరే, నెత్తురున్న సినిమాలన్నీ స్లాషర్లేనా? కాదు. పిల్లలు కూడా ఇక్కడే తికమకపడి అన్నిటికీ ఒకటే పేరు తగిలించేస్తారు. 'రాక్షసుడు' చూశారుగా, 2019లో వచ్చింది. స్కూలు పిల్లల్ని వరసగా చంపే ఉన్మాది ఉన్నాడందులో. అయినా అది స్లాషర్ కాదు. మనం నడిచింది ఆ ఎస్సై వెంట, ఆధారాలు ఏరుకుంటూ. అది సీరియల్ కిల్లర్ థ్రిల్లర్. వేటాడే పోలీసు వెంట కథ నడిస్తే థ్రిల్లర్, వేటకు గురయ్యే పిల్లల వెంట నడిస్తే స్లాషర్. నన్నడిగితే ఈ ఒక్క తేడా పట్టుకుంటే చాలు. 2004లో మొదలైన 'సా' సినిమాలున్నాయి చూడండి, మనుషుల్ని ఉచ్చుల్లో ఇరికించి హింసించేవి, వాటిది ఇంకో దారి. అవి మాత్రం కడుపులో తిప్పేస్తాయి. భోజనాలయ్యాక అసలే వద్దు.

దెయ్యమున్నా స్లాషర్ అనిపించుకున్నవీ ఉన్నాయండోయ్. 1984లో వెస్ క్రేవెన్ తీసిన 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్'లో ఫ్రెడ్డీ ఎప్పుడో కాలి చచ్చినవాడు. పిల్లల కలల్లోకి వచ్చి చంపుతాడు. అయినా చేతికి కత్తుల గ్లవ్ ఉంది, కుర్రకారును ఒక్కొక్కర్నీ ఏరుతున్నాడు, చివరికి నాన్సీ అనే పిల్ల ఎదురు నిలబడింది. పోలికలన్నీ కలిశాయి కాబట్టి అందరూ దాన్ని ఈ గూటిలోనే పెట్టారు. కాబట్టి హంతకుడు మనిషా దెయ్యమా అని మరీ పట్టుబట్టక్కర్లేదు. కథ పోలిక చూడండి.

మరి ఇదంతా ఎక్కడ పుట్టింది? దీనికి తాతగారు హిచ్‌కాక్ తీసిన 'సైకో' అంటారు, 1960 నాటిది. అప్పట్లో ఈ రకానికి ఈ పేరు లేదు. కెనడాలో 1974లో బాబ్ క్లార్క్ తీసిన 'బ్లాక్ క్రిస్మస్'లో అమ్మాయిల హాస్టలుకి అసహ్యమైన ఫోన్లొస్తుంటాయి. తీరా చూస్తే అవి ఆ ఇంట్లోంచే! అదే ఏడాది 'ది టెక్సాస్ చైన్ సా మాసకర్' వచ్చింది. 1978లో జాన్ కార్పెంటర్ తీసిన 'హాలోవీన్' దెబ్బకి దారి ఖాయమైపోయింది. సుమారు 3 లక్షల డాలర్లతో తీస్తే కోట్ల డాలర్లు తెచ్చింది. ఇంకేముంది, 1980లో 'ఫ్రైడే ది థర్టీన్త్', దాని వెనకాల వరసపెట్టి బోలెడు. స్లాషర్ అన్న పేరు అందరి నోళ్ళలో పడింది కూడా ఆ రోజుల్లోనే. వాటిలో చాలామటుకు చూడకపోయినా మనకు పోయేదేం లేదు, నా మాట నమ్మండి.

మన దగ్గర లేవా అంటే, సరిగ్గా ఈ పోలికవి తక్కువ. 1978లోనే తమిళంలో భారతీరాజా 'సిగప్పు రోజాక్కళ్' తీశారు. మనకది 'ఎర్ర గులాబీలు'గా వచ్చింది. కమల్ హాసన్ అందులో ఆడవాళ్ళని చంపే భర్త, శ్రీదేవి ఏమీ తెలియకుండా ఆ ఇంట్లో అడుగుపెట్టిన పెళ్ళాం. మనవాళ్ళు దాన్ని సైకో సినిమా అన్నారు, అది సరైన మాటే. నిజం తెలిసిపోయాక ఆ పిల్ల ప్రాణాలరచేత పట్టుకుని పరిగెత్తే ఆ చివరి భాగం మాత్రం స్లాషర్ తెలిసినవాళ్ళకి ఎక్కడో తగులుతుంది.

ఇప్పుడు అసలు బెంగకొద్దాం. "అక్కా, అన్నిట్లోనూ ఆడపిల్లల్నే చంపుతున్నారు, అది చూసి ఆనందించడమేంటి?" అని అడుగుతారు మీరు. అడగాల్సిందే. అమెరికాలో జీన్ సిస్కెల్, రోజర్ ఈబర్ట్ అని పేరున్న సినిమా విమర్శకులిద్దరు 1980లో తమ టీవీ కార్యక్రమంలో ఇదే అడిగారు. ఆడవాళ్ళని వెంటాడి చంపడమే వినోదమైపోతోందని మండిపడ్డారు. వాళ్ళిద్దరికీ 'హాలోవీన్' నచ్చింది, దాన్ని చూసి వాతలు పెట్టుకున్న సినిమాల మీదే కోపం. అలా రకంలోనే మంచీ చెడూ ఏరుకోవడం మనకీ రావాలి.

ఆ 'హాలోవీన్'లో లోరీ అనే పిల్లుంది. పదిహేడేళ్ళది. వేరేవాళ్ళ పిల్లల్ని చూసుకోవడానికి ఆ రాత్రి వాళ్ళింట్లో ఉంటుంది. హంతకుడు మైకేల్ వస్తాడు. ఆ పిల్ల చేతికేం దొరికిందో తెలుసా? సోఫా పక్కన అల్లిక సూది. దాంతో వాడి మెడలో పొడుస్తుంది. వాడు మళ్ళీ లేచి మేడ మీదికొస్తాడు. పిల్లల్ని వేరే గదిలో తలుపేసుకోమని, తను బట్టల అలమారలో దూరి, తలుపు పిడులు గుడ్డతో కట్టేసుకుంటుంది. వాడు చెక్కలు విరగ్గొడతాడు. లోపలి బల్బు వెలిగి ఊగుతోంది. నీడలూ ఊగుతున్నాయి. ఆ పిల్ల ఏడుస్తూనే, చేతులు వణుకుతూనే, బట్టలు తగిలించే తీగ హ్యాంగరు తీసి వంకర సాపుచేసి వాడి కంట్లో పొడుస్తుంది. వాడి చేతిలో కత్తి జారిపడితే దాన్నే అందుకుంటుంది. తర్వాత పిల్లల్ని బయటికి తెచ్చి, ఫలానా వాళ్ళింటికి పరిగెత్తండి, పోలీసులకి ఫోన్ చేయించండి అని చెప్పి పంపిస్తుంది.

చూశారా? అన్నీ ఇంట్లో వస్తువులే. ఏడుపు ఆపుకోలేదు, ధైర్యవంతురాలిగా నటించలేదు, అయినా చేయాల్సిందల్లా చేసింది. చివర్లో మైకేల్‌ని వెతుకుతున్న డాక్టరు తుపాకీ పట్టుకుని వచ్చి కాల్చాడనుకోండి. కానీ ఆయన ఆ ఇంట్లోకి రావడానికి కారణం అరుస్తూ వీధిలోకి పరిగెత్తిన ఆ పిల్లలే. వాళ్ళని పంపింది ఎవరు? లోరీయే. ఈ మాట ఎవరైనా మరిచిపోతే మీరు గుర్తుచేయండి.

ఇలా చివరిదాకా నిలిచే అమ్మాయికి 'ఫైనల్ గర్ల్' అని పేరు పెట్టింది కూడా ఒకావిడే. కరొల్ క్లోవర్ అని, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ప్రొఫెసరుగా పనిచేశారు. ఆవిడ చదువంతా ఉత్తర ఐరోపా ప్రాచీన గాథల మీద. అంతటి పండితురాలు జనం చులకనగా చూసే ఈ సినిమాలు ఓపిగ్గా చూసి, 1987లో వ్యాసం రాసి, 1992లో 'మెన్, విమెన్ అండ్ చైన్ సాస్' అని పుస్తకమే తెచ్చారు. ఆవిడ గమనించిందేంటంటే, హంతకుడి కళ్ళతో మొదలైన ప్రేక్షకుడు సినిమా ముగిసేసరికి ఆ అమ్మాయి పక్షాన చేరిపోతాడు. కుర్రాళ్ళతో నిండిన హాలు ఓ ఆడపిల్ల బతకాలని ఊపిరి బిగబట్టుకుంటుంది. ఇది చిన్న సంగతా? స్లాషర్లో నేను విలువిచ్చేది దీనికే.

ఇక్కడే ఇంకో ముల్లుంది, దాన్నీ తీసేద్దాం. ఈ సినిమాల్లో బాయ్‌ఫ్రెండుతో తిరిగిన పిల్ల చచ్చిపోతుంది, బుద్ధిగా ఉన్న పిల్ల బతుకుతుంది అన్న పేరొచ్చింది. టీవీ ముందు కూర్చున్న ఏ పెద్దాయనో "చూశావా, తిరుగుళ్ళు తిరిగితే ఇంతే" అనేస్తారు. పక్కనున్న ఆడపిల్ల మొహం చిన్నబోతుంది. వద్దండీ, ఆ మాట అక్కడ వదిలెయ్యకండి. చంపినవాడిది తప్పు, చచ్చిపోయిన పిల్లది కాదు. అందరికీ వినబడేలా, గట్టిగానే చెప్పండి. కార్పెంటర్ కూడా తాను నీతి చెప్పడానికి ఆ సినిమా తియ్యలేదనే అన్నారు. 1996లో కెవిన్ విలియమ్సన్ రాసి వెస్ క్రేవెన్ తీసిన 'స్క్రీమ్' ఈ లెక్కనే తిరగరాసింది. మొదట్లోనే డ్రూ బారీమోర్ వేసిన కేసీ అనే అమ్మాయిని చంపేస్తారు. ఆ పిల్ల చేసిన నేరమేంటి? సినిమా చూద్దామని స్టవ్ మీద పాప్‌కార్న్ పెట్టుకుని, మోగిన ఫోనెత్తింది. అంతే. కథానాయిక సిడ్నీ ప్రేమించిన కుర్రాడికి దగ్గరవుతుంది, ఆ సినిమాల లెక్క ప్రకారం చచ్చిపోవాలి. చావదు. బతికి చూపిస్తుంది. మన ఇళ్ళల్లో పద్దెనిమిది దాటిన ఆడపిల్లలుంటే, వాళ్ళతో కూర్చుని ఒక్క స్లాషరే చూస్తానంటే నేను చూడమనేది ఇదే. తర్వాత మాట్లాడుకోవడానికి మనకి చాలా దొరుకుతుంది.

"అవన్నీ సరే, నాకు చూస్తేనే భయం, అందరూ ఏడిపిస్తారు" అంటారా? భయపడితే తప్పేముంది తల్లీ! 'సైకో'లో స్నానాలగదిలో చనిపోయే పాత్ర వేసిన జానెట్ లీ ఉన్నారే, ఆ దృశ్యం తెర మీద చూశాక షవర్ కింద స్నానం చేయడమే మానేశానని చెప్పేవారు. దాని షూటింగులో ఉన్నది ఆవిడే, అందులో రక్తమని చూపించింది చాక్లెట్ సిరప్పని తెలిసినావిడే. ఆవిడకే అలా ఉంటే మనకి ఉండదూ? ఆవిడ కూతురు జేమీ లీ కర్టిసే ఆ లోరీ వేషం వేసిన పిల్ల. తల్లీకూతుళ్ళిద్దరూ 1998లో 'హాలోవీన్ హెచ్20'లో కలిసి నటించారు కూడా.

భయం తగ్గించుకునే ఉపాయం ఆ కార్పెంటర్ అనుభవంలోనే ఉంది. సంగీతం, శబ్దాలు కలపకముందు 'హాలోవీన్'ని ఓ స్టూడియోలో పనిచేసే ఆవిడకి చూపిస్తే ఆవిడకి భయమే వెయ్యలేదట. అప్పుడాయన కూర్చుని తనే సంగీతం కట్టారు, పియానో మీద ఐదు దెబ్బల లెక్కలో ఆగకుండా తిరిగే వరస. అదే సినిమా, అవే బొమ్మలు, జనం గడగడలాడారు. అంటే భయం చెవుల్లోంచి వస్తోందన్నమాట. మరి మనమేం చేయాలి? వాళ్ళు వాళ్ళ పనిచేశారు, రిమోట్ మన చేతిలో ఉంది. గుండె దడదడలాడే చోట శబ్దం తగ్గించెయ్యండి. గదిలో లైటు వెయ్యండి. పగలు చూడండి, రాత్రే చూడాలని రూలేం లేదు. మరీ భయమైతే కథ ముందే చదివేసుకోండి, ఎవరు పోతారో తెలిశాక సగం బరువు దిగుతుంది. అదీ కాదంటే లేచి వెళ్ళిపోండి. సినిమా మధ్యలో లేచిపోయినందుకు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

చూసేసిన పెద్దపిల్లలకి రాత్రి నిద్రపట్టకపోతే "అందుకే చూడొద్దన్నాను" అని దెప్పకండి. అప్పుడు కావాల్సింది మనం పక్కన ఉండడం. ఆ తెర వెనక సంగతులు చెప్పండి. 'హాలోవీన్'లో మైకేల్ వేసుకున్న ఆ భయంకరమైన తెల్ల మాస్కు 'స్టార్ ట్రెక్' సీరియల్లో కెప్టెన్ కిర్క్ మొహం. అంటే విలియం షాట్నర్ పోలికతో బజార్లో అమ్మే మాస్కుని రెండు డాలర్ల లోపు ధరకి కొనుక్కొచ్చి, తెల్ల రంగు వేసి, కంటి రంధ్రాలు పెద్దవి చేశారు. కథ జరిగేది అక్టోబరులో, షూటింగు జరిగిందేమో కాలిఫోర్నియాలో వసంతకాలంలో. ఎండుటాకులు దొరక్క ఆకులకి రంగులేసి, వీధిలో చల్లి, షాట్ అవగానే మళ్ళీ ఏరి సంచుల్లో దాచుకుని, ఇంకో వీధిలో చల్లుకున్నారు. ఇది విన్న పిల్ల నవ్వకుండా ఉంటుందా? నవ్విందంటే ఇక పడుకుంటుంది.

చిన్నపిల్లల దగ్గర మాత్రం నేను కాస్త పెత్తనం చేస్తాను, కోప్పడకండి. పద్దెనిమిది నిండనివాళ్ళకి స్లాషర్ వద్దు. "మా ఫ్రెండ్సందరూ చూశారు" అన్నా వద్దు. సినిమా పేరు చెప్పగానే దాని సర్టిఫికెట్ చూడండి. ఇప్పుడు యూఏలో కూడా 7, 13, 16 ఏళ్ళని విడివిడిగా రాస్తున్నారు. ఓటీటీల్లో 2021 నుంచే ఈ లెక్కుంది. 13 ప్లస్, ఆపైన రేటింగ్ ఉన్న వాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే సదుపాయం వాళ్ళివ్వాలి, పెద్దలకు మాత్రమే అన్న వాటికి వయసు సరిచూసే ఏర్పాటు ఉండాలి. సదుపాయం ఉన్నంత మాత్రాన సరిపోదు, మనం వాడుకోవాలిగా! టీవీలో ఆ యాప్ తెరవండి, సెట్టింగుల్లోకి వెళ్ళండి, పిల్లలకి వేరే ప్రొఫైల్ చేసి దానికి వయసు హద్దు పెట్టండి. మీ ప్రొఫైలుకి పిన్ పెట్టండి, లేకపోతే వాళ్ళు దాంట్లోంచి చూసేస్తారు. అదెలాగో తెలియకపోతే పెద్దపిల్లనే పిలిచి చేయించుకోండి, చెల్లెళ్ళ కోసమంటే సంతోషంగా చేసిపెడుతుంది. ఈ పని రేపటికి వాయిదా వెయ్యొద్దు, టీ గ్లాసు కడిగేలోపు అయిపోతుంది. పిన్ నంబరుగా మీ పుట్టినరోజు మాత్రం పెట్టకండి, పిల్లలు మొట్టమొదట కొట్టి చూసేది అదే.